ఇరుపక్షముల చేతులలో ఒకే గ్రంథము

ధ్యానమునకు వాక్యభాగములు: యెహోషువ 5:13–15, దానియేలు 9:3–19

యెరికో ప్రాకారములు ఇంకను చెక్కుచెదరక నిలిచియున్న దినములవి. ఇశ్రాయేలు సేనాని పట్టణము సమీపమునకు వచ్చి, కత్తి దూసి నిలిచియున్న యొక పురుషుని చూచెను. యుద్ధమునకు సిద్ధపడిన ఏ సేనానియైనను అడుగదగిన ప్రశ్ననే ఆయన అడిగెను: వచ్చినవాడు తమవాడా, శత్రువుల వాడా? ఆ రెండు మాటలలో ఏదియు జవాబుగా రాలేదు. తాను యెహోవా సేనకు అధిపతిగా వచ్చితినని ఆ పురుషుడు చెప్పెను. అంతటితో పక్షమును గూర్చిన ప్రశ్నకు చోటు లేకపోయెను. యెహోషువ నేలమట్టుకు సాగిలపడి, తన ప్రభువు తనకేమి ఆజ్ఞ ఇచ్చునని అడిగెను. మొదట వచ్చిన ఆజ్ఞ యుద్ధమును గూర్చినది కాదు, పాదములనున్న చెప్పులను గూర్చినది.

కనానులో అడుగబడిన ఆ ప్రశ్న ప్రతి తరమందును, ప్రతి దేశమందును మరల అడుగబడుచునే యున్నది. దేవుడు మా పక్షముననే యున్నాడని చెప్పుకొనని సైన్యము అరుదు, రాజకీయ పక్షము అరుదు, సంఘములోని వర్గము సహితము అరుదు. అయితే యెహోషువకు వచ్చిన జవాబును విని, దానిని ప్రజల యెదుట ఒప్పుకొనిన పాలకులు మరింత అరుదు. అట్టి ఒప్పుదల ఒకటి 1865 మార్చి 4వ తేదీన అమెరికా రాజధానియైన వాషింగ్టన్ నగరమున వినబడెను. క్రైస్తవ విశ్వాసమును, సాహిత్యమును, రాజ్యవ్యవహారమును ఒకే చోట కలిసికొనిన ఆ దినమును ధ్యానించుట ప్రతి సంఘమునకును మేలుకరము.

విజయము ముంగిట ఒక చిన్న ప్రసంగము

ఆ ఉదయము వర్షము కురిసి వీథులు బురదయై యుండెను. కాపిటల్ భవనపు తూర్పు ముంగిట వేలకొలది జనులు తడిసి నిలిచియుండిరి. అధ్యక్షుడు అబ్రహాం లింకన్ రెండవ పర్యాయము ప్రమాణస్వీకారము చేయుటకు వచ్చియుండెను. 1861లో ఆరంభమైన అంతర్యుద్ధము నాలుగు సంవత్సరములు సాగి, ఆరు లక్షలకు పైగా ప్రాణములను బలిగొని, ముగింపునకు వచ్చుచుండెను. ఉత్తర రాష్ట్రముల విజయము దాదాపు నిశ్చయమైయుండెను. బానిసత్వమును రద్దుచేయు రాజ్యాంగ సవరణను ఆ సంవత్సరము జనవరి 31న ప్రతినిధుల సభ ఆమోదించియుండెను. ఇట్టి వేళ జనులు విజయగీతమును వినగోరుట సహజమే. గెలిచిన సేనలను పొగడి, ఓడిన శత్రువును నిందించి, దేవుడు మనతో నుండెనని చెప్పిన యెడల ఆ సమూహము హర్షధ్వానములు చేసియుండును.

లింకన్ పలికినవి సుమారు 700 మాటలు మాత్రమే. ఆరేడు నిమిషములలో ప్రసంగము ముగిసెను. ఉత్తరమువారును దక్షిణమువారును ఒకే బైబిలు చదువుచున్నారనియు, ఒకే దేవునికి ప్రార్థించుచు ఒకరికి విరోధముగా మరియొకరు ఆయన సహాయము కోరుచున్నారనియు ఆయన చెప్పెను. ఇరువురి ప్రార్థనలకును తాము కోరినట్లు జవాబు వచ్చుట అసాధ్యమనియు, ఎవరి ప్రార్థనకును సంపూర్ణముగా జవాబు రాలేదనియు, సర్వశక్తిమంతునికి తన స్వంత సంకల్పములు కలవనియు వివరించెను. విజయము ముంగిట నిలిచిన సేనాపతి ఒకడు యెహోవా సేనాధిపతి యెదుట చెప్పులు విడచినట్లు ఆ మాటలు ధ్వనించుచున్నవి.

ఆ మాటల బరువు ఎరుగవలెనన్న, ఇరుపక్షములవారును ఆ ఒక్క గ్రంథమును ఏ విధముగా చదివిరో తెలిసికొనవలెను.

నీడలో కూర్చున్న వ్యాఖ్యాత

దక్షిణ రాష్ట్రముల ప్రసంగ వేదికలలో బైబిలు మూతపడి యుండలేదు. అది దినదినము తెరువబడుచుండెను. నోవహు పలికిన శాపమును, అబ్రాహాము గృహములోని దాసులను, ఒనేసిము తన యజమానుని యొద్దకు తిరిగి వెళ్లుటను చూపి, బానిసత్వము దేవుని యేర్పాటని బోధించిన పండితులుండిరి. వారిలో మూలభాషలు నేర్చినవారును, భక్తిపరులని పేరొందినవారును, ఉజ్జీవకూటములలో కన్నీరు విడిచినవారును కలరు. ఈ వివాదమువలననే 1844లో మెథడిస్టులు చీలిపోయిరి. బానిసల యజమానులను మిషనరీలుగా పంపవచ్చునా అను ప్రశ్నపై 1845లో బాప్టిస్టులు చీలిపోయిరి. దేశము రెండుగా చీలుటకు పదునైదు సంవత్సరములు ముందే సంఘములు చీలి, త్రోవ చూపెను.

బానిసత్వము దేవుడు నియమించినదని చెప్పు గ్రంథమొకటి 1857లో ప్రకటింపబడెను. దాని రచయిత ఫ్రెడరిక్ రాస్ అను ప్రెస్బిటేరియను బోధకుడు. అధ్యక్షుడు కాకమునుపు లింకన్ ఆయనను గూర్చి ఒక చిన్న వ్రాతను తనకొరకు వ్రాసికొనెను. ఒక బానిసను విడిపింపవలెనా లేదా అను ప్రశ్నలో దేవుని చిత్తమేమో తేల్చువాడు ఆ పండితుడే. అయితే తేల్చుచున్నప్పుడు ఆయన చేతులకు తొడుగులు వేసికొని నీడలో కూర్చుండియున్నాడు. మండుటెండలో ఆ దాసుడు సంపాదించుచున్న రొట్టెను తినుచున్నాడు. విడిపింపుమనుటయే దేవుని చిత్తమని తేలినచో, ఆయన తొడుగులు తీసి, నీడ విడచి, తన రొట్టె తానే సంపాదించుకొనవలసి వచ్చును. ఇట్టివాడు నిష్పక్షపాతముగా తీర్పు చెప్పునా? ఇదియే లింకన్ అడిగిన ప్రశ్న.

వాక్యమును వ్యాఖ్యానించువారందరును ఈ ప్రశ్నను తమ బల్లపై వ్రాసియుంచుకొనదగును. వ్యాకరణము తెలిసియుండవచ్చును, నిఘంటువులు దగ్గర నుండవచ్చును, ప్రార్థనతోనే చదువ మొదలుపెట్టవచ్చును. ఐనను, ఈ వ్యాఖ్యానమువలన ఎవని రొట్టె భద్రముగా నుండును, ఎవడు ఎండలో నిలిచియుండవలసి వచ్చును అని అడుగనివాడు తన లాభమునే దేవుని స్వరమని పొరబడగలడు. ప్రవక్తయైన యిర్మీయా హృదయపు మోసమును గూర్చి హెచ్చరించినది (యిర్మీయా 17:9) దుర్మార్గులను మాత్రమే ఉద్దేశించి కాదు. బైబిలు చేతపట్టుకొనినవాని హృదయమును అదియే.

కథ చేసిన పని

పండితుల వాదములు ఇట్లు సాగుచుండగా, సాధారణ జనుల మనస్సాక్షిని కదిలించిన వ్రాతలు వేరొక దిక్కునుండి వచ్చెను. ఫ్రెడరిక్ డగ్లస్ మేరీలాండ్‌లో బానిసగా పుట్టెను. బాల్టిమోర్‌లో ఒక యజమానురాలు ఆయనకు అక్షరములు నేర్ప మొదలుపెట్టగా, చదువు బానిసను చెరుపునని ఆమె భర్త ఆపుచేసెను. ఆ మాటతోనే ఆ బాలునికి విడుదలకు త్రోవ ఏదో తెలిసెను. అతడు వీథి పిల్లలయొద్ద చదువు నేర్చుకొని, 1838లో తప్పించుకొనిపోయి, 1845లో తన జీవితకథను ప్రకటించెను. అందులో ఒక యజమానుని వృత్తాంతమున్నది. 1832లో ఆ యజమానుడు మెథడిస్టుల కూటమునకు వెళ్లి మారుమనస్సు పొందెనని చెప్పుకొనెను. దానివలన తనకు దయ కలుగునని డగ్లస్ ఆశించెను. కాని ఆయన మరింత కఠినుడై, అవిటితనముగల యొక యువతిని కట్టివేసి కొరడాతో కొట్టుచు, లూకా సువార్త 12వ అధ్యాయములోని యజమానుని చిత్తమెరిగిన దాసుని గూర్చిన వచనమును పలికెను. ప్రభువు తన శిష్యులను హెచ్చరించుటకు చెప్పిన ఉపమానము ఒక పేద స్త్రీ వీపుపై కొరడాగా మారెను.

ఆ పుస్తకము చివర డగ్లస్ ఒక వివరణ చేర్చెను. తాను ఖండించునది క్రీస్తు మార్గమును కాదనియు, బానిసల యజమానులు క్రీస్తు పేరు పెట్టుకొనిన మతమును మాత్రమే ననియు, ఆ రెంటి మధ్యనున్న ఎడము మిక్కిలి గొప్పదనియు ఆయన స్పష్టపరచెను. సంఘమువలన గాయపడినవాడు సంఘ ప్రభువును విడువక, ఆయన పేరిటనే సంఘమును గద్దించెను. ఆమోసు పని ఇదియే.

హేరియట్ బీచర్ స్టౌ ప్రసంగికుని కుమార్తె, బైబిలు పండితుని భార్య. 1849లో సిన్సినాటి నగరమున కలరా వ్యాధి ఆమె పసిబిడ్డను తీసికొనిపోయెను. తన బిడ్డను అమ్మకమునకు పోగొట్టుకొనిన బానిసతల్లి దుఃఖమెట్టిదో ఆ మరణశయ్య యొద్దనే నేర్చుకొంటినని ఆమె తరువాత చెప్పెను. పారిపోయిన బానిసలను పట్టియిచ్చుటకు ఉత్తరమువారిని సహితము బలవంతపెట్టు చట్టము 1850లో వచ్చెను. 1851లో ఆమె ఒక వారపత్రికలో అంకుల్ టామ్స్ కాబిన్ అను కథను వ్రాయనారంభించెను. 1852లో అది పుస్తకమై, మొదటి సంవత్సరముననే అమెరికాలో మూడు లక్షల ప్రతులు అమ్ముడుపోయెను. ఆ నవలలో లోపములు లేకపోలేదు. నల్లజాతివారిని ఆమె చిత్రించిన విధమును వారి రచయితలే తరువాతి కాలమున గట్టిగా విమర్శించిరి. అయినను ఒక పని అది చేసెను. అంతవరకు వచనముల పట్టికగా నున్న వివాదము ఒక తల్లి, ఒక బిడ్డ, మంచుగడ్డలతో నిండిన యొక నది అయ్యెను.

దేవుడు దీనిని ఎరుగనివాడు కాడు. దావీదు పాపము చేసినప్పుడు ధర్మశాస్త్రపు సంఖ్యలను చదివి వినిపించుటకు నాతాను పంపబడలేదు. పేదవాని యొక్క గొఱ్ఱెపిల్ల కథతో పంపబడెను. నియమమును తెలిసియుండియు దాటినవానిని ఆ కథ పట్టుకొనెను. మంచి సాహిత్యము చదువరికి శత్రువు ముఖమును చూపుటతో ఆగదు. కథ ముగియునప్పటికి ఆ మనుష్యుడు తానేయని చదువరి తెలిసికొనును.

నాలుగు వచనములు, ఒక ఒప్పుదల

లింకన్ పాఠశాలలో గడిపిన కాలమంతయు కూడినను ఒక సంవత్సరమునకు మించదు. బైబిలును, బన్యన్ వ్రాసిన యాత్రికుని ప్రయాణమును, ఈసపు కథలను చదివి పెరిగినవాడు ఆయన. ఏ సంఘములోను సభ్యుడుగా చేరలేదు. అయినను 1862 ఫిబ్రవరిలో తన కుమారుడు విల్లీ చనిపోయిన తరువాత, యుద్ధపు చీకటిలో, దేవుని చిత్తమును గూర్చి ఆయన లోతుగా ఆలోచించెను. ఆ ఆలోచన ఫలమే ఈ ప్రసంగము.

అందులో నాలుగు వాక్యభాగములు వినబడుచున్నవి. ఆదికాండము 3వ అధ్యాయమునుండి ముఖపు చెమటతో తిను రొట్టెను గూర్చిన మాట మొదటిది. ఇతరుల చెమటనుండి తమ రొట్టె పిండుకొనుటకు నీతిగల దేవుని సహాయము అడుగుట వింతయని ఆయన చెప్పెను. వెంటనే మత్తయి 7వ అధ్యాయమునకు తిరిగి, తీర్పు తీర్చక యుందమని అనెను. మూడవది మత్తయి 18:7, అభ్యంతరముల నిమిత్తము లోకమునకు కలుగు శ్రమను గూర్చినది. నాలుగవది 19వ కీర్తన, యెహోవా న్యాయవిధులు సత్యమైనవను ఒప్పుదల.

మూడవ వాక్యమును ఆయన అన్వయించిన విధమునే నిదానించి చూడవలెను. ఆ అభ్యంతరమునకు ఆయన పెట్టిన పేరు దక్షిణపు బానిసత్వము కాదు, అమెరికా బానిసత్వము. ఈ భయంకర యుద్ధమును దేవుడు ఉత్తరమునకును దక్షిణమునకును కలిపియే ఇచ్చెనని చెప్పెను. రెండువందల ఏబది సంవత్సరములు కూలి లేని పనివలన కూడిన ధనమంతయు నశించువరకును, కొరడాతో తీసిన ప్రతి రక్తబిందువునకు ఖడ్గముతో తీసిన రక్తము చెల్లువరకును యుద్ధము సాగవలెనని దేవుడు కోరినను, ఆయన తీర్పు న్యాయమైనదేయని చెప్పవలసియుండునని ఒప్పుకొనెను. ఇది గెలుచుచున్నవాడు పలికిన మాట. ఉత్తరపు మిల్లులలో నేసిన ప్రత్తి, ఉత్తరపు బల్లలపై వాడిన పంచదార బానిసల చేతులనుండియే వచ్చెనని ఆయనకు తెలియును. 1862 డిసెంబరులో చట్టసభకు పంపిన సందేశములోనే ఆ లాభములో అందరికిని పాలున్నదని వ్రాసియుండెను.

దానియేలు ప్రార్థన ఇక్కడ జ్ఞాపకమునకు వచ్చును. ఆయన సహితము రాజ్యపాలనలో ఉన్నత పదవి నెరపినవాడే. విగ్రహముల యెదుట మోకరింపని వాడు, రాజు భోజనముతో తన్ను అపవిత్రపరచుకొనని వాడు, సింహముల గుహకైనను ప్రార్థన మానని వాడు. అట్టివాడు గోనెపట్ట కట్టుకొని ప్రార్థించినప్పుడు, మా పితరులు పాపము చేసిరని చెప్పి ఊరకుండలేదు. పాపము చేసినవారి వరుసలో తన్నును నిలుపుకొని ఒప్పుకొనెను. నీతిమంతుడు పలికిన ఆ ‘మేము’ అను మాటలో దేశములు బ్రదుకగలవు.

ప్రసంగము ముగిసిన పదునొకండు దినములకు లింకన్ ఒక మిత్రునికి జాబు వ్రాసెను. ఈ ప్రసంగము కాలమునకు నిలుచునని తాను నమ్ముచున్నను, అది వెంటనే జనులకు రుచింపదనియు, సర్వశక్తిమంతుని ఉద్దేశమునకును తమ ఉద్దేశమునకును భేదము కలదని వినుట ఎవరికిని ఇంపుగా నుండదనియు, ఆ మాటలోని అవమానము అందరికంటె తనపైననే నేరుగా పడుచున్నదనియు అందులో తెలియజేసెను. ప్రతి ప్రసంగికుడును నేర్చుకొనదగిన సంగతి ఇది. వాక్యపు దెబ్బ మొదట ప్రసంగికునికే తగులవలెను.

వినయము తటస్థత కాదు

ఇక్కడ ఒక అపార్థమునకు అవకాశము కలదు. ఇరుపక్షములును పాపులేయని చెప్పిన తరువాత, న్యాయాన్యాయముల భేదమేమి? ఇరువురును సమానులే గదా, ఎవరి దారిన వారు పోవచ్చును గదా? ఈ మాట వినయపు వస్త్రము ధరించిన సోమరితనము. లింకన్ అట్లు చెప్పలేదు. బానిసత్వము అభ్యంతరమని, అది తొలగవలెనని, యుద్ధమునకు మూలకారణము అదియేనని నిర్మొహమాటముగా చెప్పెను. దేవుడు న్యాయమును చూచుటకు ఎంతమేరకు కన్నులిచ్చునో అంతమేరకు న్యాయమునందు స్థిరముగా నిలువవలెనని చెప్పెను. యుద్ధమున గాయపడినవానిని, వాని విధవరాలిని, అనాథ బిడ్డను ఆదరింపవలెనని చెప్పి ముగించెను.

యెహోషువ చెప్పులు విడిచినంతమాత్రమున యెరికో పని ఆగలేదు. సాగిలపడిన సేనాని లేచి నడిచెను. అయితే ఇక ఆ యుద్ధము అతనిది కాదు, ప్రాకారములు పడిన విధము అతని యుక్తివలన కలిగినది కాదు. న్యాయమునకు నిలుచుటయు, తన నీతిని నమ్ముకొనకుండుటయు కలిసి సాగవచ్చునని, కలిసి సాగుటయే దేవుని మార్గమని ఆ దినము తేటపడెను.

అదే సాయంకాలము అధ్యక్షుని భవనములో విందు జరుగగా, ఫ్రెడరిక్ డగ్లస్ అక్కడికి వెళ్లెను. నల్లజాతివాడని ద్వారమునొద్ద కావలివారు ఆయనను అడ్డగించిరి. సంగతి తెలిసి లింకన్ ఆయనను లోపలికి రప్పించి, అందరి యెదుట మిత్రుడని పిలిచి, ప్రసంగమును గూర్చి ఆయన అభిప్రాయమునే కోరెను. అది పవిత్రమైన ప్రయత్నమని డగ్లస్ బదులిచ్చెను. ఉదయము ఒప్పుకొనబడిన పాపము సాయంకాలము ఆ అధ్యక్షుని భవనపు ద్వారమున నిలిచియుండెను. ఒప్పుదల ఒక దినపు పని కాదని ఆ ద్వారమే సాక్ష్యమిచ్చెను.

రాతిపై చెక్కిన మాటలు

ఆరు వారములు గడువకమునుపే, ఏప్రిల్ 14న, శుభ శుక్రవారపు రాత్రి లింకన్ కాల్చబడి, మరునాటి ఉదయము మరణించెను. ఆ ఈస్టరు ఆదివారమున అనేక ప్రసంగికులు ఆయనను దేశమునకై బలియైనవానిగా కీర్తించిరి. ఆయనను పొగడుట ఆయన పలికిన ఒప్పుదలను పలుకుటకంటె సులభము. 1877 తరువాత దక్షిణమున నల్లజాతివారి హక్కులు ఒక్కొక్కటిగా హరింపబడెను. 1922 మే 30న వాషింగ్టన్‌లో లింకన్ స్మారక మందిరము ప్రతిష్ఠింపబడెను. దాని ఉత్తరపు గోడపై ఈ ప్రసంగమంతయు చెక్కబడియున్నది. అయితే ఆ ప్రతిష్ఠ దినమున నల్లజాతివారికి వేరుగా స్థలము కేటాయింపబడెను. మాటలు రాతిపై నుండెను. ఆ రాతి యెదుటనే జనులు రంగునుబట్టి వేరుచేయబడిరి. ప్రవక్తల సమాధులను అలంకరించువారిని గూర్చి ప్రభువు చెప్పిన శ్రమ (మత్తయి 23:29) ఏ జనమునకైనను వర్తించును.

1963 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ బర్మింగ్‌హామ్ చెరసాలనుండి వ్రాసిన లేఖ నాస్తికులకు వ్రాయబడలేదు. ఓర్పు వహింపుమని బహిరంగముగా హితవు చెప్పిన ఎనిమిదిమంది మతనాయకులకు వ్రాయబడెను. వార్తాపత్రిక అంచులపై ఆరంభమైన ఆ లేఖలో, సంఘమును గూర్చిన ఆయన నిరాశ ప్రేమించువాని నిరాశ. ఆ ఆగస్టు 28న ఆయన అదే స్మారక మందిరపు మెట్లపై నిలిచి, ఆమోసు చెప్పిన నీతి ప్రవాహమును దేశమునకు జ్ఞాపకము చేసెను. రాతిపైనున్న మాటలు నూరు సంవత్సరములకు మరల గొంతు పొందెను.

సాహిత్యమును ఈ పనిని విడువలేదు. మెరిలిన్ రాబిన్సన్ వ్రాసిన గిలియాదు అను నవల 2004లో వెలువడి, 2005లో పులిట్జర్ బహుమానము పొందెను. అయోవా రాష్ట్రపు చిన్న ఊరిలో వృద్ధుడైన యొక కాపరి తన పసికుమారునికి వ్రాసిన లేఖగా అది సాగును. ఆ కాపరి తాత బానిసత్వమునకు విరోధముగా పోరాడి, నడుమున తుపాకి కట్టుకొని ప్రసంగించినవాడు. తండ్రి యుద్ధమును అసహ్యించుకొనిన శాంతివాది. ఇరువురును కాపరులే, ఇరువురును చదివినది ఒకే గ్రంథము. ఈ మనుమడు మంచివాడు, ప్రార్థనాపరుడు. అయితే నల్లజాతివారి విడుదలకొరకు పాటుపడిన ఆ ఊరిలో ఇప్పుడొక నల్లజాతి కుటుంబమును లేదు. వారి ఆలయమునకు ఎవరో నిప్పంటించిన తరువాత వారు ఊరు విడచిపోయిరి. ఆ సంగతిని కాపరి ఒక చిన్న మాటగా చెప్పి సాగిపోవును. మంచివారి మరపు ఎట్టిదో ఒక్క దోషారోపణయు చేయక ఆ రచయిత్రి చూపించినది.

1861లో లింకన్ మొదటిసారి ప్రమాణము చేసినప్పుడు చేయి ఉంచిన బైబిలు అమెరికా చట్టసభ గ్రంథాలయములో భద్రపరచబడియున్నది. 2009లో బరాక్ ఒబామాయు, 2017లో డోనాల్డ్ ట్రంప్‌ను అదే ప్రతిపై చేయి ఉంచి ప్రమాణము చేసిరి. వారిరువురి పక్షములు వేరు, వారి నడుమ భేదము గొప్పది. గ్రంథము ఒక్కటే. దానిపై చేయి ఉంచుట ఒక నిమిషపు పని. దాని క్రింద హృదయమును ఉంచుట జీవితకాలపు పని.

తెలుగు సంఘము ఎదుట

దూరదేశపు ఈ కథకును తెలుగు సంఘమునకును నిజమైన సంబంధము కలదు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతములకు సువార్త తెచ్చిన అమెరికను బాప్టిస్టులు, 1845లో బానిసల ప్రశ్నపై చీలిన శాఖలో ఉత్తరపు భాగమువారు. విరిగిన పాత్రలోనుండియే జీవజలము ఇక్కడికి వచ్చెను. అట్లు వచ్చిన మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరిన కొలదికాలమునకే అట్టి ప్రశ్ననే ఎదుర్కొనెను. ఉన్నత కులముల బాలురతో పాఠశాల చక్కగా సాగుచుండగా, మాదిగలు ప్రభువును నమ్మి సంఘములో చేరవచ్చిరి. వారిని చేర్చుకొనిన తాము ఉండజాలమని ఉన్నత కులములవారు చెప్పిరి. ఆయనయు ఆయన భార్యయు వేరువేరు గదులలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకయే, క్రొత్త నిబంధన తెరువగా, ఇరువురికిని 1 కొరింథీయులకు 1వ అధ్యాయము 26వ వచనమునుండి దేవుడు బలహీనులను ఏర్పరచుకొనిన సంగతియే కనబడెనని ఆయన జీవితవృత్తాంతము తెలుపుచున్నది. వారు నమ్మినవారిని చేర్చుకొనిరి, పాఠశాలను పోగొట్టుకొనిరి. 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందుటకు మూలమైన త్రోవ ఆ నష్టములోనుండియే వెళ్లెను. నీడ విడచి ఎండలోనికి వచ్చిన పఠనము అట్టిది.

ఈనాడు ఆ సంఘముల పౌత్రులును ప్రపౌత్రులును బైబిలు ఏ విధముగా చదువుచున్నారు? తెలుగు క్రైస్తవులు ఈ దేశమున అల్పసంఖ్యాకులు గనుక, అధికారమువలన కలుగు పాపములు తమకు దూరమని తలంచుట సులభము. అయితే అధికారము చిన్నదైనంత మాత్రమున శోధన చిన్నది కాదు. సంఘపు ఎన్నికలలో రెండు వర్గములును ఉపవాసముండి ప్రార్థించును. రెండును యెహోవా మా పక్షముననున్నాడను కీర్తననే పాడును. ఆస్తి తగాదాలలో ఒకే బల్లయొద్ద రొట్టె విరిచినవారు మరునాడు న్యాయస్థానమున ఎదురెదురుగా నిలుచుచున్నారు. పెండ్లి సంబంధము కుదుర్చు వేళ బాప్తిస్మమును మించి కులమును విచారించు గృహములు లేకపోలేదు. గలతీయులకు వ్రాసిన పత్రికను కంఠస్థము చేసినవారే సమాధి తోటలో సహితము హద్దురాళ్లను పాతుచున్నారు. ఇరుపక్షముల చేతులలోను ఉన్నది అదే గ్రంథము.

కావున ఆ గ్రంథమును తెరచునప్పుడు విశ్వాసి తన్ను తాను అడుగవలసిన ప్రశ్నలు కలవు. ఈ వచనమును ఈ విధముగా చదువుటవలన ఎవనికి నీడ దొరకుచున్నది, ఎవడు ఎండలో మిగిలిపోవుచున్నాడు? పాపమును ఒప్పుకొనునప్పుడు నోట వచ్చునది ‘వారు’ అను మాటయా, ‘మేము’ అను మాటయా? ఉదయము ఆలయములో ఒప్పుకొనినదానిని సాయంకాలము ఇంటి ద్వారమున నిలిచినవాడు నమ్మగలడా? ఒప్పుకొనిన తరువాత ఏ విధవరాలి కన్నీరు తుడువబడెను, ఏ అనాథకు అన్నము దొరకెను? యాకోబు చెప్పిన పవిత్ర భక్తి (యాకోబు 1:27) ఈ చివరి ప్రశ్నయొద్దనే కొలువబడును.

ఎదుటి వర్గమువారు ముందు ఒప్పుకొనిన యెడల మేమును ఒప్పుకొందుమని చెప్పుట లోకరీతి. అట్లు చూచినచో దానియేలుకు ఒప్పుకొనవలసిన పని యేమియు లేదు; సిలువపైనున్న పాపరహితునికి శత్రువుల కొరకు విజ్ఞాపన చేయవలసిన పనియు లేదు. ఆయన అపరాధులలో ఎంచబడెను గనుకనే అపరాధులకు నిరీక్షణ కలిగెను. ఆయన పక్షము మనుష్యుల పక్షములలో ఒకటి కాదు. ఇరుపక్షములకును తీర్పు తీర్చగలవాడు ఇరుపక్షముల కొరకును మరణించెను.

ఈ క్రొత్త సంవత్సరమున ఏ గృహములోనైనను, ఏ సంఘములోనైనను వివాదము కలిగి ఇరువురును ఆ గ్రంథమును తెరచినప్పుడు, ఎవరో యొకరు ముందుగా చెప్పులు విడువవలెను. అట్లు విడిచినవాడు ఓడిపోయినవాడు కాడు. అతడు నిలిచియున్న స్థలము పరిశుద్ధమైనది.